మస్కట్ రేవు కోటలు: మంచినీళ్ల కథ



కడప జిల్లాలో గానీ, కోనసీమలో గానీ, కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెల్లో గానీ మస్కట్ పేరు వినని ఇల్లు చాలా తక్కువ. ఎవరో ఒకరు అక్కడ పనిచేసి వచ్చి ఉంటారు. లేదా ఇప్పటికీ అక్కడే ఉండి, సెలవు రోజున వీడియో కాల్ చేస్తుంటారు. వాళ్లు పంపిన ఫోటోల్లో ఒకటి మీరూ చూసే ఉంటారు. నీలంగా సముద్రం. వెనక చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండలు. నీళ్ల అంచున ఒక రాతిగుట్ట. గుట్ట మీద గుండ్రటి బురుజులతో ఒక కోట. దాని పేరు అల్ జలాలీ. రేవుకు అవతలి పక్క ఇంకో గుట్ట, దాని మీద ఇంకో కోట. దాని పేరు అల్ మిరానీ. ఈ జంట కోటల గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

కోట చూడ్డానికి వెళ్తే మనం ఏం అడుగుతాం? ఎవరు కట్టించారు అని అడుగుతాం. గోడ ఎంత ఎత్తు, ఫిరంగి ఎంత బరువు అని అడుగుతాం. అవన్నీ అడగాల్సినవే. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది.

మనం అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తాం. హాలు బాగుంటుంది. గాలీ వెలుతురూ బాగుంటాయి. అయినా ఇంటావిడ మొదట ఏమడుగుతుంది? "నీళ్లెలా వస్తాయండీ?" అంటుంది. బోరుందా, కుళాయి రోజూ వస్తుందా, సంపు ఎంత పెద్దది, ఎండాకాలంలో ట్యాంకరు తెప్పించుకోవాలా అని ఆరా తీస్తుంది. జవాబు సరిగా లేకపోతే ఆ ఇంట్లో దిగం. కోటనూ అలాగే చూడండి. లోపలివాళ్లకు మంచినీళ్లు ఎక్కడివి అని ముందు అడగండి. ఈ ఒక్క ప్రశ్న చేతిలో పెట్టుకుని మస్కట్ కోటల దగ్గరకు వెళ్తే, వాటి చరిత్రలో చాలా భాగం దానంతటదే విప్పుకుంటుంది.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాను. ఇప్పుడు మస్కట్ అంటే చాలా పెద్ద నగరం. విమానాశ్రయం నుంచి మత్రా దాకా, ఇంకా అవతలి దాకా పరుచుకుని ఉంటుంది. నేను చెప్పేది ఆ మస్కట్ కాదు. పాత మస్కట్. అది చిన్న ఊరు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఓడలు నిలవడానికి లోతైన నీరు, గాలివాన నుంచి కాపాడే కొండల చాటు. ఓడ నడిపేవాడికి ఇంతకంటే మంచి రేవు దొరకదు. కానీ అక్కడ బతికేవాడికి అది కష్టమైన చోటు. వాన బహు తక్కువ. నది లేదు. వేసవిలో ఆ రాళ్లు పగలంతా ఎండను తాగి, రాత్రి కూడా వేడిని విడుస్తూ ఉంటాయి. పగటి వేడి చల్లారకముందే మళ్లీ పొద్దు పొడుస్తుంది. ఊరి గోడకు బయట, లోయలో ఉన్న బావుల నుంచే ఊరివాళ్లు నీళ్లు మోసుకునేవారు. కళ్ల ముందు చూపు ఆనినంత దూరం నీళ్లే. తాగడానికి మాత్రం గోడ దాటి బావికి పోవాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇలాంటి ఊరి కోసం ఇన్ని యుద్ధాలు ఎందుకు జరిగాయి? అది ఓడల దారిలో ఉంది కనుక. పర్షియా సింధుశాఖలోకి పోయే ఓడ, అందులోంచి వచ్చే ఓడ, మన పడమటి తీరానికి బయల్దేరే ఓడ, అన్నీ ఆ పక్కనుంచే పోవాలి. ఆ ఓడల్లో గుర్రాలు వచ్చేవి. అరేబియా గుర్రాలు. అవి ఎవరికి? ఎక్కువగా మన దక్కన్ రాజులకు. విజయనగర సైన్యానికి. కృష్ణదేవరాయల కాలంలో మేలుజాతి గుర్రాలు సముద్రం దాటే రావాలి. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు విజయనగరంలో ఉండి రాసిన దాని ప్రకారం, అక్కడి రాజు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలు కొనేవాడు. హోర్ముజ్ అంటే ఆ సింధుశాఖ ముఖద్వారం దగ్గరి రేవు. ఆ లెక్కలో కొంత అతిశయం ఉందనుకున్నా, వ్యాపారం ఎంత పెద్దదో తెలుస్తుంది. మస్కట్ అప్పట్లో ఆ హోర్ముజ్ రాజ్యం కిందే ఉండేది. రాయలవారి అశ్వదళం కథకూ ఈ తీరానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఇంకాస్త వివరంగా ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఈ వ్యాపారం మీద పోర్చుగీసువాళ్ల కన్ను పడింది. 1507లో అఫోన్సో ద అల్బుకెర్క్ ఓడలు మస్కట్ మీదికి వచ్చాయి. ఊరిని దోచారు, తగలబెట్టారు. మన గోవాను 1510లో పట్టుకున్నది కూడా ఇతనే. అప్పటి నుంచి దాదాపు నూట నలభై ఏళ్లు మస్కట్ పోర్చుగీసువాళ్ల చేతిలో ఉంది. మధ్యలో పోతూ, మళ్లీ వస్తూ ఉంది.

పోయిన సందర్భాల్లో ఒకటి వినండి. 1552. ఒట్టోమన్ తురుష్కుల నౌకాదళం సూయజ్ నుంచి బయల్దేరి మస్కట్‌కు వచ్చింది. దానికి నాయకుడు పీరీ రెయిస్. 1513లో గీసిన ప్రపంచ పటంతో పేరు మోసిన పెద్దమనిషి ఇతనే. అప్పటి పాత కోటలో పోర్చుగీసువాళ్లు అరవై మంది. వాళ్ల నాయకుడు జొవావ్ ద లిస్బోవా. తురుష్కులు ఒక ఫిరంగిని పక్కనున్న కొండ శిఖరం మీదికి ఎక్కించారు. పైనుంచి కోటలోకి కాల్చారు. పద్దెనిమిది రోజులు గడిచాయి. గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. కానీ లోపల తిండి అయిపోయింది. తాగడానికి నీళ్లు అయిపోయాయి. కోట లొంగిపోయింది. లోపలివాళ్లంతా బందీలయ్యారు.

చూశారా? గోడ ఓడలేదు. నీళ్ల కుండ ఓడింది.

తురుష్కులు మస్కట్‌లో ఎక్కువ రోజులు ఉండలేదు. పోర్చుగీసువాళ్లు తిరిగి వచ్చారు. మళ్లీ 1581లో మీర్ అలీ బేగ్ అనే తురుష్క నాయకుడు కొద్దిపాటి ఓడలతో వచ్చి ఊరిని దోచుకుపోయాడు. రెండోసారి కూడా దెబ్బ తిన్నాక పోర్చుగీసువాళ్లకు బాగా తెలిసివచ్చింది. అప్పటికి పోర్చుగల్‌కు కూడా స్పెయిన్ రాజు రెండో ఫిలిప్పే రాజు. గట్టి కోట కట్టమని ఆజ్ఞ వచ్చింది. ఆ పని మీద బెల్షియోర్ కలాసా అనే అధికారి మస్కట్ వచ్చాడు. 1580ల దశకం చివరికి రేవుకు తూర్పున సావ్ జొవావ్ కోట లేచింది. అదే ఇప్పటి జలాలీ. పడమట పాత కట్టడం ఉన్న గుట్ట మీద రెండో కోటను బలపరిచారు. అదే ఇప్పటి మిరానీ.

జలాలీ కట్టిన తీరు వినండి. రాతిగుట్ట తల నరికి చదును చేశారు. సముద్రం వైపు రాయిని నిట్టనిలువుగా చెక్కేశారు. ఎవరూ పట్టుకుని ఎక్కలేకుండా. ఫిరంగులు నిలబెట్టడానికి వేదిక కట్టారు. ఇంకొకటి కూడా చేశారు. రాతిలో నీళ్ల తొట్టి తొలిచారు. కోటకు కావలసిన నీళ్లు కోటలోనే ఉండాలని. 1552లో నేర్చుకున్న పాఠం అదిగో, ఆ రాతిలో కనిపిస్తుంది. ఫిరంగి వేదికతో పాటే, దానితో సమానంగా, నీళ్ల తొట్టి.

కోట రూపం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ప్రయత్నించండి. రెండు పెద్ద గుండ్రటి బురుజులు. వాటిని కలుపుతూ ఒక పొడవాటి గోడ. ఆ గోడలో వరసగా ఫిరంగుల కోసం వదిలిన కన్నాలు. అన్నీ రేవు వైపు, సముద్రం వైపు చూస్తుంటాయి. కోట కింద నేల మీద పునాది ఎక్కడుందో, రాయి ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలైందో దూరం నుంచి తెలియదు. రాయీ గోడా ఒకే రంగు. చాలాకాలం పైకి ఎక్కడానికి ఒకటే దారి, రేవు వైపు ఉన్న నిటారు మెట్లు. ఎవరు వచ్చినా ఆ మెట్ల మీద పైవాళ్ల కంటబడాల్సిందే.

బురుజు గుండ్రంగా ఎందుకు? చదునైన గోడకు, పదునైన మూలకు ఫిరంగి గుండు తగిలితే నేరుగా పగులుతుంది. గుండ్రటి గోడ మీద పడితే ఆ దెబ్బ పక్కకు జారుతుంది. పైగా గుండ్రటి బురుజు మీద నిలబడ్డవాడికి చాటున పడే మూలలు తక్కువ.

గోడలకు వాడిన రాయి అక్కడిదే. ఇక ఒమాన్‌లో పాతకాలం నుంచీ ఒక గచ్చు ఉంది. దాన్ని సరూజ్ అంటారు. మట్టిని ముద్దలు చేసి, ఎండబెట్టి, ఖర్జూరపు చెట్ల దుంగలతో కాల్చి, దంచి, సున్నంతో కలిపి నూరుతారు. ఆ గచ్చు నీళ్లలో గట్టిపడుతుంది. నీటిని బయటికి పోనివ్వదు. కోటలకు దాన్నే వాడతారు. పొలాలకు నీరు తెచ్చే ఫలజ్ కాలువలకూ దాన్నే వాడతారు. నీళ్ల తొట్లకూ అదే. ఎడారి దేశపు మేస్త్రీ పనితనమంతా ఆ గచ్చులో ఉంటుంది. చుక్క నీరు కూడా ఇంకిపోకుండా చూడటమే అతనికి పరీక్ష. కోటల గొప్పతనం చెప్పేటప్పుడు రాజుల పేర్లు చెబుతాం. ఆ మేస్త్రీ పేరు ఎక్కడా ఉండదు. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ దేశంలో అలాంటి కాలువల్లో నీరు పారుతోంది. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మళ్లీ కోట దగ్గరికి వద్దాం. ఇంత పకడ్బందీగా కట్టిన కోట ఎలా పోయింది?

1624లో ఒమాన్ లోపలి ప్రాంతంలో, రుస్తాక్‌లో, నాసిర్ బిన్ ముర్షిద్ ఇమాముగా ఎన్నికయ్యాడు. యారుబీ వంశం. చెల్లాచెదురుగా ఉన్న తెగలను ఒక్కటి చేశాడు. తీరంలో పోర్చుగీసువాళ్ల స్థావరాలను ఒక్కొక్కటే లాక్కుంటూ వచ్చాడు. 1649లో అతను చనిపోయాక సుల్తాన్ బిన్ సైఫ్ ఇమామయ్యాడు. 1650 జనవరిలో మస్కట్ కోటలు రెండూ ఒమానీల వశమయ్యాయి. ఇది చరిత్ర.

దీని చుట్టూ ఒక కథ ఉంది. ఇబ్న్ రుజైక్ అనే ఒమానీ చరిత్రకారుడు రాశాడు. ఆ కథలో ముఖ్యపాత్ర మన దేశపు మనిషి. పేరు నరోత్తం. బనియా వర్తకుడు. కోటలో ఉన్న పోర్చుగీసు సైన్యానికి సరుకులు ఇచ్చేవాడు. కోట అధికారి నరోత్తం కూతుర్ని పెళ్లి చేసుకుంటానన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. అధికారి బెదిరించాడు. నరోత్తం సరేనన్నట్టు నటించి, కొంత గడువు అడిగాడు. ఈలోగా అధికారితో ఒక మాట చెప్పాడు. కోటలో తొట్టి నీళ్లు పాతబడి కుళ్లిపోయాయి, ధాన్యానికి పురుగు పట్టింది, మందుగుండు చెడిపోయింది, అన్నీ తీసేసి కొత్తవి నింపుదాం అన్నాడు. అధికారి నమ్మాడు. తొట్లు ఖాళీ చేశారు. ధాన్యం దించేశారు. మందుగుండు బయటికి పోయింది. కొత్తవి మాత్రం రాలేదు. నరోత్తం ఇమాముకు కబురు పంపాడు. ఆదివారం నాడు కోటవాళ్లు తాగి ఆదమరిచి ఉంటారు, అప్పుడు రండి అన్నాడు. వాళ్లు వచ్చారు. కోట పడిపోయింది. ఆ మేలుకు నరోత్తం కుటుంబానికి ఇమాము తలపన్ను మాఫీ చేశాడట.

ఇది కోట పడిన రెండు వందల ఏళ్ల తర్వాత కాగితం మీదికి ఎక్కిన కథ. అందుకని ప్రతి మాటా అలాగే జరిగిందని నేను చెప్పను. కానీ ఆ కథ చెప్పిన తరాల వాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఈ కోటను పడగొట్టాలంటే ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలో వాళ్లకు తెలుసు. అందుకే కథలో మొదట ఖాళీ అయ్యింది నీళ్ల తొట్టి.

ఒక తండ్రి తన కూతురి కోసం ఎంత దూరం వెళ్లాడన్నది కూడా ఆ కథలో ఉంది. ఆ అమ్మాయి పేరు మాత్రం మనకు చేరలేదు. ఈ కథ ఎప్పుడు చదివినా నా మనసు ఆమె దగ్గరే ఆగిపోతుంది.

మన దేశపు వర్తకులు ఆ తర్వాత కూడా మస్కట్ విడిచి రాలేదు. కచ్ నుంచి వచ్చిన భాటియాలు, సింధు నుంచి వచ్చినవారు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డారు. పాత మస్కట్‌లో, రాజభవనానికి దగ్గర్లో, ఇప్పటికీ ఒక శివాలయం ఉంది. శివరాత్రికి అక్కడ తెలుగు మాట కూడా బాగా వినిపిస్తుంది.

1650 తర్వాత కోటల కథను త్వరగా చెప్పేస్తాను. ఒమానీలు వాటిని పెంచారు, మార్చారు. ఇప్పుడు మనం చూసే రూపంలో చాలా భాగం వాళ్ల చేతి పనే. పద్దెనిమిదో శతాబ్దంలో పారశీకులు వచ్చారు. వాళ్లను వెళ్లగొట్టిన అహ్మద్ బిన్ సయీద్ వంశమే నేటికీ ఒమాన్‌ను ఏలుతోంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం జలాలీ జైలుగా ఉంది. ఆ రోజుల్లో దాని పేరు చెబితేనే జనం భయపడేవారు. 1970లలో జైలు ఎత్తేశారు. 1980లలో కోటను బాగుచేసి, లోపల పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు.

మిరానీతో ఊరివాళ్లకు ఇంకో అనుబంధం ఉండేది. 1970 దాకా మస్కట్‌కు గోడ, గోడకు తలుపులు. పొద్దుగూకిన మూడు గంటలకు మిరానీ కోట మీద ఫిరంగి పేలేది. తలుపులు మూసేవారు. ఆ తర్వాత వీధిలో నడిచేవాడి చేతిలో లాంతరు ఉండి తీరాలి. అది ముఖానికి వెలుగు పడేలా పట్టుకోవాలి. మా తరం వాళ్లకు చంద్రుడి మీద మనిషి దిగిన ఏడాది గుర్తుంది. ఆ ఏడాది కూడా మస్కట్ వీధుల్లో ఈ లాంతర్ల నియమం నడుస్తూనే ఉంది.

రెండు కోటల మధ్య ఇప్పుడు అల్ ఆలం రాజభవనం ఉంది. నీలం, బంగారు రంగు స్తంభాలు. 1970లలో దాన్ని కట్టింది బొంబాయికి చెందిన షాపూర్జీ పల్లోంజీ సంస్థ. ఇక నీళ్లంటారా, 1976లో గుబ్రాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం మొదలైంది. ఒకప్పుడు బావికి పోయి మోసుకున్న ఊరికి ఇప్పుడు సముద్రమే కుళాయిలోంచి వస్తోంది. మన వాళ్లు మస్కట్‌లో వంట చేసే నీళ్లు, స్నానం చేసే నీళ్లు చాలావరకు అలా వచ్చినవే.

మంచినీళ్లు ఎక్కడివి అన్న ప్రశ్న మస్కట్‌కే కాదు. మన కొండవీడు ఎక్కండి. రెడ్డిరాజుల కోట. పైన మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు, పుట్టలమ్మ చెరువు. చాలామంది అక్కడ ఫోటో తీసుకుని దిగిపోతారు. ఆ చెరువులే కోట అని నేనంటాను. అవి లేకపోతే ఆ కొండ మీద సైన్యం ఎన్నాళ్లు నిలబడగలదు? గోల్కొండలో గోడల్లోంచి బయటపడ్డ మట్టి గొట్టాలు కనిపిస్తాయి. కింది నుంచి అంచెలంచెలుగా నీళ్లు పైకి ఎక్కించిన ఏర్పాటు అది. చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విన్నాక, ఆ గొట్టాల దగ్గర కూడా కాసేపు ఆగండి. పిల్లల్ని తీసుకువెళ్లి వాళ్లనే వెతకమనండి. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడ నిలిచాయి, ఎలా పైకి ఎక్కాయి. వాళ్లు మనకంటే ముందు కనిపెడతారు.

మస్కట్‌లో ఉన్న మీ బంధువులకు ఒక మాట చెప్పండి. జలాలీ, మిరానీలను ఎక్కువమంది బయటి నుంచే చూస్తారు. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లమనండి. అక్టోబరు నుంచి మార్చి దాకా హాయిగా ఉంటుంది. పొద్దు వాలేటప్పుడు పడమటి ఎండ జలాలీ ముఖం మీద పడుతుంది. అప్పుడు ఒక్కో ఫిరంగి కన్నం విడివిడిగా లెక్కపెట్టవచ్చు. కోట లోపలికి ఎక్కి చూడాలనుకుంటే మత్రా కోట ఉంది. కార్నిష్ రోడ్డు మీదే. మూడు బురుజుల కోట. మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లు నెమ్మదిగా ఎక్కాలి.

వీలైతే పడవ మీద వెళ్లడం అన్నిటికంటే మంచిది. బందర్ అల్ రౌధా దగ్గర పడవలు దొరుకుతాయి. ఈ కోటలు కట్టింది ఓడ మీద వచ్చేవాడి కోసం. వాటి అసలు ముఖం సముద్రం వైపే ఉంది. ఒడ్డు నుంచి చూస్తే మనకు కనిపించేది సగమే. రేవు ముంగిట పడవవాణ్ణి కాసేపు ఆపమనండి. కొండరాళ్ల మీద తెల్లటి అక్షరాలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఈ రేవుకు వచ్చిన ఓడల నావికులు తమ ఓడ పేరు రాతి మీద రంగుతో రాసి వెళ్లేవారు. ఎన్నో ఏళ్ల పాటు అలా రాశారు. వెనకటి సుల్తాను సయీద్ బిన్ తైమూర్ వాటిని తన అతిథుల పుస్తకం అనేవాడట. ఎండకూ ఉప్పుగాలికీ చాలా పేర్లు చెరిగిపోయాయి. మిగిలినవాటిలో ఎన్ని చదవగలరో చూడమనండి.